ముందు పాప బస్సు టైమ్, తర్వాతే ఇల్లు

హైదరాబాద్ నిజాంపేటలో ఉన్నప్పుడు మా పాప స్కూలు ఇంటికి ఆరు కిలోమీటర్లు. బస్సు పొద్దున 7:05కి వచ్చేది, స్కూల్లో బెల్లు 8:20కి. సందుసందూ తిరిగి పిల్లల్ని ఎక్కించుకుంటూ వెళ్లేసరికి గంట దాటేది. సాయంత్రం ఇంకో గంట. 2024 ఆగస్టులో ఒకరోజు బస్సు దిగుతూనే అపార్ట్‌మెంట్ మెట్ల మీద వాంతి చేసుకుంది. బస్సులో ఉండే ఆయమ్మ వెనకే దిగి, "వారంల రెండుసార్లు ఇట్లనే అయితది మేడమ్, అందుకే కిటికీ పక్కన కూర్చోబెడుతున్న" అంది. వారానికి రెండుసార్లు! మాకు ఒక్కసారీ తెలియదు. రాత్రి పక్కన పడుకోబెట్టుకుని అడిగితే, చెబితే స్కూలు మాన్పించేస్తామేమోనని చెప్పలేదంది. అప్పుడు ఐదో తరగతి.

ఆ రాత్రి మా ఆయన, నేను చాలాసేపు మాట్లాడుకున్నాం. తనది పటాన్‌చెరు వైపు ఒక ఫార్మా యూనిట్‌లో ఉద్యోగం, రోజూ వెళ్లాల్సిందే. నాది ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, వారానికి మూడు రోజులు ఆఫీసు. బాబు అప్పటికి ఎల్‌కేజీ. అత్తమ్మ, మామయ్య జహీరాబాద్ దగ్గర ఊళ్లో ఉంటారు, మామయ్యకు ఇంకా మూడెకరాల వ్యవసాయం ఉంది. ఇద్దరికీ డెబ్బై దగ్గర పడుతున్నాయి, ఎప్పుడైనా మా దగ్గరికి రావాల్సినవాళ్లే. వాళ్లకు నాలుగో అంతస్తు ఫ్లాట్ కుదరదు. కాస్త మన్ను, రెండు చెట్లు, పిల్లలు పరిగెత్తే జాగా, మంచి స్కూలు, ఇద్దరం ఆఫీసుకు వెళ్లి మనుషుల్లా తిరిగి రాగలిగే దూరం. ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయా అన్నదే ప్రశ్న.

మొదటి రెండు నెలలు మేం వెతికిన తీరే తప్పు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు రాసుకుని, ఒక్కో ఆదివారం ఒక్కో దిక్కుకు వెళ్లేవాళ్లం. ఔటర్ 158 కిలోమీటర్లు, ఎనిమిది లేన్లు. దాని మీద ఎక్కితే ఏ ఊరైనా దగ్గరే అనిపిస్తుంది. ప్లాట్లు చూపించేవాళ్లందరిదీ ఒకటే మాట: "ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ ఇరవై నిమిషాలు మేడమ్, ఔటర్ ఎక్కి దిగడమే." ఆదివారం పదకొండింటికి ఆ మాట నిజమే. మేం చూసిందంతా ఆదివారం పదకొండింటి హైదరాబాదే.

తూర్పున ఘట్‌కేసర్ చూశాం. అక్కడ ఇల్లు, స్థలం మా చేతికి అందే ధరలో ఉన్నాయి. 2024 మార్చి నుంచి ఘట్‌కేసర్‌కు ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా వచ్చింది. పక్కనే పోచారంలో ఉద్యోగం ఉన్నవాళ్లకు అంతకంటే మంచి చోటు దొరకదు. మేమిద్దరం మాత్రం ఊరికి ఆ చివరి నుంచి ఈ చివరికి రావాలి. ఎంఎంటీఎస్ రైళ్లు రోజుకు నడిచేవే కొన్ని, ఒకటి తప్పితే ఆ రోజు గతి ఏమిటి? ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పని 2018లో మొదలై అప్పటికీ సాగుతూనే ఉంది, కింద రోడ్డు పరిస్థితి ఆ దారిన తిరిగేవాళ్లకే తెలుసు. మనసు చంపుకుని వదిలేశాం.

ఉత్తరాన శామీర్‌పేట వైపు వెళ్తే చెరువు, గట్టు, గాలి, అన్నీ బాగున్నాయి. తిరిగి వచ్చేటప్పుడు జవహర్‌నగర్ దగ్గర డంప్ యార్డ్ వాసన కారు అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. గాలి ఎటు వీస్తే ఆ రోజు అటువైపు కాలనీలకు అదే వాసన అని పెట్రోల్ బంకులో అబ్బాయి చెప్పాడు. అప్పటినుంచి ఏ ఊరు చూసినా ఒకసారి పొద్దున, ఒకసారి రాత్రి తొమ్మిది దాటాక వెళ్లాలని నియమం పెట్టుకున్నాం. ఫ్యాక్టరీల వాసన రాత్రిపూటే తెలుస్తుందని మా ఆయనకు ఉద్యోగం నేర్పిన సంగతి.

అన్నిటికంటే నా మనసు లాగింది మొయినాబాద్. అప్పా జంక్షన్ దాటి చేవెళ్ల రోడ్డు ఎక్కగానే రెండు పక్కలా పాత మర్రిచెట్లు, ఊడలు రోడ్డు మీదికి వేలాడుతూ. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి, బయట చెట్టు కింద పులిహోర తింటుంటే ఇక్కడే ఉండిపోదాం అనిపించింది. ఒకాయన అక్కడ "ఫామ్ ప్లాట్" చూపించాడు. గుంటల లెక్కన అమ్ముతున్నారు. గుంట అంటే 121 గజాలు. రెండు గుంటలు తీసుకుంటే ఇల్లు, తోట రెండూ వస్తాయన్నాడు. ఇల్లు కట్టడానికి పర్మిషన్ ఎవరిస్తారని అడిగితే, "111 జీవో పోయింది కదా మేడమ్" అన్నాడు.

ఆ జీవో సంగతి తెలిసినవాళ్లను అడిగి, కాగితాలు చదివి తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. 1908లో మూసీకి వచ్చిన వరద తర్వాత నగరాన్ని కాపాడటానికి, తాగునీరు ఇవ్వడానికి కట్టిన చెరువులు ఉస్మాన్‌సాగర్ (దాన్నే గండిపేట అంటారు), హిమాయత్‌సాగర్. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. వాటిలోకి నీళ్లు వచ్చే దారులు మూసుకుపోకుండా 1996 మార్చి 8న ఇచ్చిందే 111 జీవో. చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు దాని కిందికి వస్తాయి. ఆ ఆంక్షలు ఎత్తివేస్తూ 2022లో 69 జీవో వచ్చింది. కానీ జీవో మారినంత మాత్రాన ఒక వ్యవసాయ భూమి ముక్క లేఅవుట్ ప్లాట్ అయిపోదు. లేఅవుట్ అనుమతి లేని గుంటల్లో ఇంటికి పర్మిషన్ రాదు, పర్మిషన్ లేకపోతే బ్యాంకు లోను రాదు. నాకు ఇంకో బాధ కూడా ఉంది. మా అమ్మ చిన్నప్పుడు మెహదీపట్నంలో గండిపేట నీళ్లు తాగి పెరిగింది. ఆ చెరువులోకి వెళ్లే వాగు మీద మా ఇంటి గోడ కట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. శంకర్‌పల్లి మండలంలో కూడా కొన్ని గ్రామాలు ఆ 84లో ఉంటాయి, పక్క ఊరు ఉండదు. చూసేవాళ్లు ఊరి పేరు కాదు, సర్వే నంబరు పట్టుకుని అడగాలి.

మొయినాబాద్ వదిలేశాక ఒక సాయంత్రం మా ఆయన కాగితం మీద రెండు చుక్కలు పెట్టాడు: తన వైపు పటాన్‌చెరు, నా ఆఫీసుకు ఔటర్ దిగే నానక్‌రామ్‌గూడ. ఔటర్ మీద ఆ రెండింటి మధ్యలో ఉన్నది కొల్లూరు ఎగ్జిట్. అక్కణ్నుంచి తనకు ఒకవైపు, నాకు ఇంకోవైపు. ఊరికి వెళ్లాలంటే పటాన్‌చెరు మీదుగా ముంబై హైవే నేరుగా జహీరాబాద్ వెళ్తుంది. అంతే, తెల్లాపూర్, కొల్లూరు, వెలిమెల, కొండకల్, శంకర్‌పల్లి. ఈ ఐదు ఊళ్లు తప్ప మిగతావన్నీ కొట్టేశాం. తెల్లాపూర్ అప్పటికే టవర్లతో నిండిపోయింది, అది మా స్తోమతకు మించింది. వెలిమెల వైపు ఇంకా పొలాలు, గొర్రెల మందలు, ఊరి మధ్యలో రచ్చబండ ఉన్నాయి.

నవంబర్‌లో ఒక సోమవారం నేను సెలవు పెట్టి, ఆఫీసుకు వెళ్లేదానిలాగే బట్టలు వేసుకుని, వెలిమెల ఊళ్లో కారు ఆపుకుని కూర్చున్నాను. 8:15కి బయల్దేరాను. ఔటర్ ఎక్కేసరికి 8:28. ఔటర్ మీద పదకొండు నిమిషాలే, నానక్‌రామ్‌గూడ దగ్గర దిగే ర్యాంపు కనిపించింది. అక్కడ మొదలైంది. ర్యాంపు మీదే ఎనిమిది నిమిషాలు నిలబడ్డాను. దిగాక ఆఫీసు పార్కింగ్‌కు చేరేసరికి 9:11. ఔటర్ మీద ప్రయాణమంతా పదకొండు నిమిషాలైతే, దిగాక ఆ నాలుగు కిలోమీటర్లకు అరగంట దాటింది. "ఇరవై నిమిషాలు" అని చెప్పేవాళ్లు ఈ నాలుగు కిలోమీటర్లను ఎప్పుడూ లెక్కలో వేయరు.

బుధవారం అదే దారిలో 7:30కి బయల్దేరాను. మొత్తం ముప్పై ఆరు నిమిషాలు. గురువారం సాయంత్రం 6:30కి ఆఫీసు నుంచి వెనక్కి వస్తే గంటా ఐదు నిమిషాలు, 4:30కి బయల్దేరితే నలభై. మా మేనేజర్‌తో మాట్లాడి ఆఫీసు రోజుల్లో ఎనిమిది నుంచి నాలుగున్నర వరకు ఉండి, మిగతా పని రాత్రి ఇంటి నుంచి చేస్తానని ఒప్పించుకున్నాను. ఆ ఒప్పందం కుదరకపోతే వెలిమెల మాకు కుదిరేది కాదు. ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకున్నాను. అదే దారిలో ఉన్న కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్న స్థలంలో ఎవరూ చిన్న బిల్డింగ్ కట్టరు. అవన్నీ నిండాక ఆ ర్యాంపు ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఇవాళ నలభై నిమిషాలంటే, దాన్ని గంట అనుకునే లెక్క వేసుకున్నాం.

మా ఆయనది బైకు. ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డే గతి. తను కూడా మూడు రోజులు తిరిగి చూశాడు. ఇరవై ఐదు నుంచి ముప్పై నిమిషాలు. రాత్రి షిఫ్టు ఉన్న రోజు సర్వీస్ రోడ్డు మీద కొన్నిచోట్ల లైట్లు లేవని, లారీలు పక్కన ఆపి ఉంటాయని చెప్పాడు. ఆ రోజుల్లో కారు తను తీసుకెళ్లాలని అప్పుడే అనుకున్నాం.

ఇంత చేశాక ఒక రాత్రి కాగితాలన్నీ ముందు వేసుకుని చూస్తే, అందులో నా టైమ్ ఉంది, తన టైమ్ ఉంది. పాప టైమ్ ఎక్కడా లేదు. ఎవరి కోసం ఇదంతా మొదలుపెట్టామో ఆ పిల్ల బస్సులో ఎంతసేపు ఉంటుందో మేం ఒక్క చోట కూడా రాసుకోలేదు. పెద్దవాళ్లం, ట్రాఫిక్‌లో పాటలు వింటాం, ఫోన్ మాట్లాడుకుంటాం, టైమ్ మార్చుకుంటాం. పదేళ్ల పిల్లకు ఆ బస్సు తప్ప ఇంకో దారి లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి లెక్క తిరగేశాం. ముందు స్కూలు తేల్చుకోవాలి. ఆ స్కూలు నుంచి బస్సులో ఇరవై ఐదు నిమిషాలు దాటని చోటే ఇల్లు. మా ప్రయాణం దాని తర్వాతే.

ఈ ఐదు ఊళ్ల చుట్టుపక్కల స్కూళ్లకు లోటు లేదు. హోర్డింగులు చూస్తే ప్రతి మలుపులోనూ ఒక ఇంటర్నేషనల్ స్కూలు ఉంటుంది. మేం ఏడు స్కూళ్లు చూశాం. ఒకచోట స్విమ్మింగ్ పూల్, ఏసీ క్లాసులు, గుర్రపు స్వారీ ఉన్నాయి. రిసెప్షన్‌లో అమ్మాయిని, "మూడేళ్లుగా ఇక్కడే పనిచేస్తున్న టీచర్లు ఎంతమంది?" అని అడిగాను. ఆమె లోపలికి వెళ్లి, పది నిమిషాలకు వచ్చి, "మా దగ్గర అందరూ ఎక్స్‌పీరియెన్స్ ఉన్నవాళ్లే" అంది. ఇంకోచోట ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, సాయంత్రం ఐదున్నర దాకా క్లాసులు. గ్రౌండ్ ఎక్కడని అడిగితే టెర్రస్ చూపించారు. ఆరో తరగతి పిల్ల సాయంత్రం వెలుతురు చూడకుండా ఇంటికి రావడం నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. అట్లా చదివి పైకి వచ్చినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు, వాళ్లను తప్పుపట్టను. మా పిల్లకు మాత్రం వద్దనుకున్నాం.

స్కూలు లోపల చూపించే టూర్ కంటే బయట గేటు దగ్గర నిలబడితే ఎక్కువ తెలుస్తుంది. నేను నాలుగు స్కూళ్ల దగ్గర మధ్యాహ్నం మూడున్నరకు నిలబడ్డాను. పిల్లలు ఎట్లా బయటికి వస్తున్నారు, బస్సుల్లో ఎంతమందిని ఎక్కిస్తున్నారు, సీట్లకు మించి నిలబెడుతున్నారా, ప్రతి బస్సులో ఆయమ్మ ఉందా. ఒక స్కూల్లో ముగ్గురు పిల్లలు కూర్చునే సీట్లో ఐదుగురిని ఇరికించారు. ఇంకో స్కూల్లో డ్రైవర్ ప్రతి పిల్ల ఎక్కేదాకా ఇంజన్ ఆపేసి కిందే నిలబడ్డాడు. అతన్నే అడిగాను, చివరి స్టాప్ పిల్ల ఎన్నింటికి దిగుతుందని. "నా బండిలో చివరి పాప 4:20కి దిగుతది మేడమ్. పొద్దున ఎక్కేది కూడా ఆమెనే ఫస్టు, 7:35కి" అన్నాడు. ఆఫీసులో కూర్చున్న ట్రాన్స్‌పోర్ట్ ఇంచార్జి కూడా అదే టైమ్ చెప్పాడు. ఇద్దరి మాటా కలిసింది ఆ ఒక్క స్కూల్లోనే.

రూట్ కాగితం తీసుకుని ఆ బస్సు వెనకాలే ఒకరోజు మా ఆయన బైకు మీద వెళ్లాడు. ఎందుకంటే ఇటువైపు రైలు పట్టాలు ఉన్నాయి, సికింద్రాబాద్–వాడి లైను శంకర్‌పల్లి మీదుగానే వెళ్తుంది. 2014 జూలైలో మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు దాటుతూ స్కూల్ బస్సు రైలు కిందికి వెళ్లిన రోజు మా పాపకు ఇంకా ఏడాది నిండలేదు. పాపను ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తూ ఏడ్చాను. ఆ తర్వాత బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారని తెలుసు. అయినా బస్సు పట్టాలు ఎక్కడ దాటుతుంది, గేటా, బ్రిడ్జా, అండర్‌పాసా, వాన పడితే ఆ అండర్‌పాస్‌లో నీళ్లు నిలుస్తాయా అన్నవి కళ్లతో చూస్తే తప్ప నాకు మనసు ఒప్పలేదు. మేం ఎంచుకున్న రూట్ ఎక్కడా పట్టాలు దాటదు.

ఆ స్కూలు చిన్నది. సీబీఎస్‌ఈ. సీబీఎస్‌ఈ స్కూళ్లన్నీ తమ వెబ్‌సైట్‌లో కొన్ని వివరాలు బయటపెట్టాలి: బోర్డు అనుబంధం (అఫిలియేషన్) నంబరు, అది ఎప్పటిదాకా ఉంది, టీచర్ల సంఖ్య, ఫైర్ సేఫ్టీ, బిల్డింగ్ సేఫ్టీ కాగితాలు. ఆ పేజీ తెరిచి, అనుబంధం నంబరును బోర్డు సైట్‌లో సరిచూసుకున్నాం. చాలామంది ఈ పని చేయరు, పావుగంట కూడా పట్టదు. ప్రిన్సిపల్ మేడమ్ మాతో గంటసేపు కూర్చున్నారు. గత మూడేళ్ల ఫీజు కాగితాలు అడిగితే తీసి చూపించారు. లైబ్రరీలో ఒక బీరువా నిండా తెలుగు పుస్తకాలు, అట్టలు నలిగి ఉన్నాయి, అంటే పిల్లలు చదువుతున్నారు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు స్కూల్లోనైనా తెలుగు చెప్పాల్సిందే. కానీ టైంటేబుల్‌లో పేరుకు పెట్టే చోట్లు కూడా చూశాం. ఇక్కడ తెలుగు టీచర్ పిల్లలతో పద్యం పాడించుకుంటూ వరండాలో నడుస్తున్నారు. మా పాప ఆ గొంతు విని నా చెయ్యి వదిలేసి అటు వెళ్లి నిలబడింది. అడ్మిషన్ ఫారం ఆ రోజే తీసుకున్నాం. పాత స్కూలు టీసీ, పెన్ (విద్యార్థి గుర్తింపు) నంబరు తెచ్చుకోవడానికి నెల పట్టింది, ఆ తిరుగుడు వేరే కథ.

స్కూలు తేలాక ఇల్లు. మొదట ప్లాట్ కొని కట్టుకుందామనే అనుకున్నాం. స్కూలుకు పదిహేను నిమిషాల్లో ఒక వెంచర్ ఉంది, ఊరి పేరు రాయను. రెండువందల గజాలు, తూర్పు ముఖం, వెనకాల ఖాళీగా పచ్చటి పల్లం. "హెచ్‌ఎండీఏ ఫైల్ ప్రాసెస్‌లో ఉంది, ఇప్పుడైతేనే ఈ రేటు" అన్నారు. హెచ్‌ఎండీఏ అంటే లేఅవుట్లకు అనుమతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ. పాతిక వేలు టోకెన్ ఇచ్చేశాం. ఆ ఆదివారం మామయ్యను ఊరి నుంచి పిలిపించి తీసుకెళ్లాం, ఆయన కళ్లు కూడా పడితే మంచిదని.

మామయ్య ప్లాట్ మధ్యలో నిలబడి ఏం మాట్లాడలేదు. రోడ్డు కోసం పోసిన ఎర్రమట్టిని చెప్పు కాలితో పక్కకు జరిపి, కూర్చుని, కింది మట్టి ఒక గడ్డ చేతిలోకి తీసుకున్నారు. నల్లగా, బంకగా ఉంది. రెండు చేతులతో విరిచి నాకు చూపించారు. మట్టిలో తెల్లగా, చిటికెన వేలి గోరంత నత్తగుల్లలు. ఒకటి కాదు, నాలుగైదు. "ఇది చేను మట్టి కాదమ్మా, కుంటలో ఒండ్రు" అన్నారు. మా వెనక ఉన్న వెంచర్ అబ్బాయి ఫోన్ మాట్లాడుతున్నట్టు దూరం జరిగాడు.

రోడ్డు మీదికి వచ్చేసరికి ఒక అవ్వ గంపలో తోటకూర, గోంగూర పెట్టుకుని కూర్చుంది. రెండు కట్టలు కొని, "అవ్వా, 2020ల పెద్ద వానలు పడ్డయి కదా, అప్పుడు ఇక్కడ నీళ్లు ఎంతదాక వచ్చినయి?" అని అడిగాను. "కరోనా వచ్చిన ఏడే కదా బిడ్డా? గప్పుడు గా తుమ్మచెట్టు మొదలు దాక వచ్చినయి. మా కోడలు బర్రెను తోల్కరానీకి పోతే నడుముల దాక నీళ్లు. దసరా పోయినంక గూడ ఇంకలె" అంది. ఆ తుమ్మచెట్టు మేం టోకెన్ ఇచ్చిన ప్లాట్‌కు ఎగువన ఉంది.

ఇంటికి వచ్చి హెచ్‌ఎండీఏ చెరువుల మ్యాపులు తీసి, సర్వే నంబరు పెట్టి చూశాం. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. ఆ గీత ప్లాట్‌లో మూలగా వెళ్తోంది. గీత బయట కూడా బఫర్ ఉంటుంది. పాతిక ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువైతే 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు. అందులో ఇల్లు కట్టకూడదు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూలగొట్టిన ఇళ్ల ముందు నిలబడి ఏడ్చినవాళ్లను అందరం చూశాం. వాళ్లలో చాలామంది మాలాంటివాళ్లే, ఎవరో చెప్పిన మాట నమ్మి జీవితకాలం సంపాదన పెట్టినవాళ్లు. టోకెన్ తిరిగి ఇవ్వడానికి ఆ వెంచర్‌వాళ్లు రెండు నెలలు తిప్పారు, చివరికి ఐదు వేలు పట్టుకుని ఇచ్చారు. పాతిక వేలు మొత్తం పోయినా నేను బాధపడేదాన్ని కాదు.

ఇక కొనడం పక్కన పెట్టి, ముందు ఏడాది అద్దెకు ఉండి చూద్దామని తేల్చుకున్నాం. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిస్తే ఊరు ఏమిటో తెలుస్తుంది. 2025 మే చివర్లో వెలిమెలలో ఒక ఇండిపెండెంట్ ఇంటి గ్రౌండ్ ఫ్లోర్ దొరికింది. నిజాంపేటలో ఫ్లాట్‌కు ఇరవై నాలుగు వేలు కట్టేవాళ్లం, ఇక్కడ పంతొమ్మిది. ముందు జామచెట్టు, పక్కన ఓనర్‌గారి ఖాళీ జాగా. చేరేముందు బోరు నీళ్లు సీసాలో పట్టుకెళ్లి పరీక్ష చేయించాం. పటాన్‌చెరు దగ్గర ఫ్యాక్టరీల వల్ల భూమిలో నీళ్లు ఎట్లా చెడిపోయాయో మా ఆయన ఆ ప్రాంతంలో పనిచేస్తూ చూస్తున్నవాడు కాబట్టి ఆ విషయంలో ఎవరి మాటా వినలేదు.

పల్లె అంచున ఉండటం అంటే ఏమిటో కొంత వచ్చాకే తెలిసింది. గాలివాన వస్తే కరెంటు రెండు గంటలు పోతుంది, ఇన్వర్టర్ తప్పనిసరి. జూలైలో స్నానాల గది దగ్గర పాము కనిపించింది. ఓనర్‌గారి అబ్బాయి వచ్చి అది జెర్రిపోతు, ఏం చేయదని బయటికి పంపేశాడు, ఆ రాత్రి నుంచి మెట్ల దగ్గర లైటు తీయడం లేదు. డెలివరీ యాప్‌లు కొన్ని ఇక్కడికి రావు. బాబుకు అర్ధరాత్రి జ్వరం వచ్చినప్పుడు ఆస్పత్రికి చేరడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది, ఆ ముప్పై ఐదు నిమిషాలూ నాకు గుర్తున్నాయి. అత్తమ్మకు షుగర్ ఉంది, వాళ్లు వచ్చి ఉండేటప్పుడు ఈ దూరం గురించి మళ్లీ ఆలోచించాలి.

పాప బస్సు మా గేటు ముందుకు 8:02కి వస్తుంది. స్కూలుకు 8:22కి చేరుతుంది. మొదటి నెల రోజూ రాసుకున్నాను, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఆరు నిమిషాలు, అది ఊళ్లో బోనాలు జరిగిన రోజు. ఇప్పుడు పాప ఆరున్నరకు లేచి, అరగంట జామచెట్టు కింద ఏదో ఒకటి చదువుకుంటుంది. ఇంతకుముందు ఆ టైమ్‌కు నిద్రకళ్లతో బూట్లు వేసుకునేది. సాయంత్రం నాలుగింటికి ఇంట్లో ఉంటుంది. ఆఫీసు ఉన్న రోజుల్లో నేను 5:15కి వస్తాను, అప్పటిదాకా ఓనర్‌గారి అమ్మ దగ్గర ఇద్దరూ ఉంటారు. ఆమెను పాప నానమ్మ అనే పిలుస్తుంది. వాంతి ఒక్కసారి కూడా కాలేదు. ఈసారి ఆయమ్మ నంబరు నా ఫోన్‌లో ఉంది, పదిహేను రోజులకోసారి నేనే అడుగుతాను.

అద్దె అగ్రిమెంట్ మళ్లీ పదకొండు నెలలకు రాసుకున్నాం. ఊరి పడమట వైపు ఎత్తు మీద ఒక ప్లాట్ చూస్తున్నాం, ఈసారి మామయ్య ముందే వచ్చి మట్టి చూసి సరేనన్నారు. ప్రభుత్వ భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో వివరాలు, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి లావాదేవీల జాబితా), పాత అమ్మకాల లింకు డాక్యుమెంట్లు తీసి లాయర్‌గారి దగ్గర ఇచ్చాం. ఇంకా సంతకం చేయలేదు. కారణం స్కూలే. దానికి ఇప్పటికి ఎనిమిదో తరగతి దాకానే అనుబంధం ఉంది, తొమ్మిది, పదికి అప్లై చేశామని ప్రిన్సిపల్ మేడమ్ చెప్పారు. పాప ఇప్పుడు ఏడో తరగతి. వచ్చే జనవరిలోపు ఆ కాగితం రాకపోతే ఇంకో స్కూలు చూసుకోవాలి, ఆ స్కూల్ బస్సు ఈ ఊరికి ఎన్నింటికి వస్తుందో తెలుసుకోవాలి. కొల్లూరు వైపు రెండు స్కూళ్ల రూట్ కాగితాలు తెచ్చి పెట్టాను. దసరా సెలవులు అయిపోగానే ఒక సోమవారం వాటి వెనకాల వెళ్తానని మా ఆయన బైకు సర్వీసింగ్‌కు ఇచ్చాడు.